ఒకే పొయ్యి ఇల్లు

ఈ ఎండాకాలం నేను యాభై ఎనిమిది ఇళ్ల వంటగదుల్లోకి తొంగిచూశాను. ఇంకొకరి పొయ్యిలోకి తొంగిచూడటం మర్యాద కాదని నాకూ తెలుసు. కానీ ఆ పని నాకు అప్పజెప్పింది మా ఆయనే. ఆయన పేరు రంగనాయకులు, ఎకనామిక్స్ ప్రొఫెసరు. ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పి ఈ జూన్ ఆఖరున రిటైరయ్యారు.

ఆయన చేసే పనేమిటో రాయచూరులో మా వీధివాళ్లకు ఇప్పటికీ తెలియదు. నాకు అర్థమైనంత చెబుతాను. గిల్లేసూగూరు, దాని చుట్టుపక్కల ఆరు ఊళ్లలో రెండు వందల నలభై ఇళ్లు ఎంచుకుని, తలుపుల మీద నీలిరంగు నంబర్లు వేయించి, పదిహేడేళ్లుగా ప్రతి ఎండాకాలం అవే ఇళ్లకు పోయి అవే ప్రశ్నలు అడిగిస్తారు. ఏం పండింది, ఏం తిన్నారు, ఎవరు వలసపోయారు. దాన్ని పానెల్ అంటారట. ఇంటిని ఒకసారి చూస్తే ఎట్లా ఉందో తెలుస్తుంది, ఏటేటా చూస్తేనే ఎందుకట్లా అయిందో తెలుస్తుంది అని అన్నం తింటూ కూడా చెప్పేవారు. అంత చూసి ఆయన కనిపెట్టిన సంగతి ఒక్కటే. అన్నదమ్ములు కలిసున్న ఇల్లు కరువులో కూలదు, ఒకరికి లేనినాడు ఇంకొకరు పెడతారు కాబట్టి. ఆ ఒక్క మాట మీద పుస్తకం వచ్చింది, పేరు వచ్చింది, ఢిల్లీ దాకా పిలుపులు వచ్చాయి. ప్రతి సభలోనూ చివర్లో, మా ఇంట్లో కూడా ఇప్పటికీ ఒకే పొయ్యి అని చెప్పి చప్పట్లు కొట్టించుకునేవారు.

ఆ చప్పట్లు విన్నప్పుడల్లా నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. మా ఇంట్లో ఆరేళ్లుగా రెండు పొయ్యిలు. కింద నాది, మేడ మీద మా తోడికోడలు మాణిక్యమ్మది. మాకిద్దరికీ పొసగక వేరు పెట్టుకున్నాం. అప్పటికి మా అత్తగారు బతికే ఉన్నారు. నేనుండగా ఇల్లు చీలిందని నలుగురికీ తెలియొద్దు, చిన్నోడికి అసలే తెలియొద్దు అని ఇద్దరి చేతా ఒట్టు వేయించుకున్నారు. చిన్నోడంటే మా ఆయన. మా బావగారు గోపాలయ్యకు పటేల్ చౌక్ దగ్గర దుకాణం. ఆయన ఎప్పుడో వచ్చి మీద తినేవారు. మా ఆయన పొద్దున టిఫిన్ క్యారియర్ పట్టుకుని పోయి చీకటి పడ్డాక వచ్చేవారు. ఉగాదికి, దసరాకు నలుగురం కింద కలిసి తినేవాళ్లం. అత్తగారు పోయి మూడేళ్లయినా ఒట్టు మాత్రం పోలేదు. రెండు వందల నలభై ఇళ్ల సంగతులు చెప్పే మనిషికి సొంత మేడ మీద ఏం ఉడుకుతుందో తెలియకపోవడం చూసి మొదట్లో నవ్వుకునేదాన్ని. తర్వాత ఆ నవ్వు కూడా పోయింది.

ఏప్రిల్‌లో ప్రజ్ఞ ఫోన్ చేసింది. ఆయన దగ్గరే పీహెచ్‌డీ చేసి బెంగళూరులో పాఠాలు చెబుతున్న పిల్ల. దేశమంతా ఉమ్మడి ఇళ్లు చీలిపోతుంటే మన పానెల్‌లో అరవై మూడు ఉమ్మడి ఇళ్లకు పదిహేడేళ్ల తర్వాత కూడా యాభై ఎనిమిది ఎట్లా మిగిలాయి సార్, ఎవరైనా పోయి పొయ్యిలు చూశారా అని వినయంగానే అడిగింది. మా ఆయన ముఖం మాడిపోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు. తెల్లవారి, నేనే పోయి చూసొస్తా, ఆ పిల్ల నోరు మూయిస్తా అన్నారు.

ఏటా ఫారాలు నింపేది నాగన్న. ఈసారి అతను టైఫాయిడ్‌తో మంచం మీద ఉన్నాడు. అందుకని మా ఆయన నన్ను రమ్మన్నారు. ఆడోళ్ల పొయ్యి సంగతి ఆడోళ్లకే చెప్తరు, నువ్వడుగు అన్నారు. నిజం నా నోటి దాకా వచ్చింది. చెప్పలేదు. రెండు సీసాల నీళ్లు సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

మొదట పోయింది గిల్లేసూగూరులో నలభై ఒకటో నంబరు ఇంటికి. అది ఆయనకు ప్రాణం. ఆయన పుస్తకం అట్ట మీద ఉన్న గీత ఆ ఇంటిదే. ఊరంతా ఎండిన ఏడు కూడా ఆ ఇంటి తిండి గీత కిందికి వంగలేదు. ఇంటి పెద్ద అమరేశప్ప అరుగు మీద చాప వేసి మా ఆయనను కూచోబెట్టాడు. నేను లోపలికి పోయాను. అమరేశప్ప తమ్ముడు తిమ్మప్ప భార్య సిద్దమ్మ నన్ను పెరట్లోకి తీసుకుపోయి మజ్జిగ ఇచ్చింది. పశువుల కొట్టం మూలన మసిబారిన మూడు రాళ్లు, పక్కన రెండు గిన్నెలు ఉన్నాయి. ఇదెవరి పొయ్యి అని అడిగాను.

"నాదే అక్కా. ఏరువడి పదకొండేండ్లాయె."

మరి తలుపు మీద నంబరు ఒకటే ఉందేమిటన్నాను.

"అత్త ఉన్నది కద. ఆమె ఉండంగ ఇల్లు పగిలిందని ఊళ్లె ఎట్ల చెప్తం? ఇంగ ఆ నీలి నంబరు గూడ. రెండిండ్లని రాపిస్తే నంబరు తీసేస్తరేమో, నంబరు లేకుంటే సర్కారుది ఏదొచ్చినా మనకు రాదేమో అనుకుంటిమి. అందరిండ్లల్ల గిదే."

మా ఆయన పదిహేడేళ్లలో ఆ నంబరుకు ఇచ్చింది ఏటా ఒక క్యాలెండరు. దాని కోసం ఆ ఊరి ఆడవాళ్లు ఏళ్ల తరబడి పొయ్యిలు దాచుకుంటున్నారు. ఏదో ఒకటి అడగాలి కనుక మొన్నటి కరువు ఎట్లా గడిచిందని అడిగాను.

సిద్దమ్మ చెంబు కడుగుతూ చెప్పింది. "నాలుగు దినాలు పొయ్యి ముట్టియ్యలేదక్కా. గోడ అవుతల బావోళ్లింట్ల రొట్టె తట్టే సప్పుడు ఇనొస్తుండె. మా పిల్లలు ఆ గోడకు చెవి పెట్టుకోని కూసుంటుండిరి."

అడగలేదా అన్నాను.

"అడిగితే పెడుతుండిరేమో. మేము అడగలే, వాళ్లు పిలవలే. కరువు పనికి పేరు రాపిద్దామని పోతే, కలిసున్న ఇండ్లు లిస్టుల ఆఖరుకు అన్నరు. వాళ్లకు ఇంట్లనే ఆసరా ఉంటదంట. ఎవరో పెద్ద చదువుకున్నాయన చెప్పిండంట. మా పేరు వచ్చేటాలకు పని అయిపాయె. పిల్లల్ని బడి మానిపించి బెంగళూరు పోతిమి. పిల్లల్ని తీస్కోని నేను మళ్లి వస్తి, తిమ్మప్ప ఆడనే ఉండె."

ఆ పెద్ద చదువుకున్నాయన అరుగు మీద అమరేశప్పతో వక్కాకు వేసుకుంటున్నారు. కరువు సాయం ముందు ఎవరికివ్వాలో తేల్చే కమిటీలో ఆయన కూచున్న సంగతి, ఆ నియమం ఆయన పుస్తకంలోంచి పోయిందన్న సంగతి సిద్దమ్మకు తెలియదు. తెలిసి ఉంటే నాకు మజ్జిగ ఇచ్చేదో లేదో.

బస్టాపు రేకుల కింద నిలబడి అంతా చెప్పాను. ఆయన సంచిలోంచి ఆ కరువు ఏటి ఫారం తీశారు. నలభై ఒకటో ఇల్లు, ఎనిమిది మంది, అందరూ రెండు పూటలా తిన్నారు అని ఉంది. దాన్ని ఎండలో పట్టుకుని చాలాసేపు చూశారు.

"ఇది అమరేశప్ప పొయ్యి మీద వండింది. ఎనిమిది మందికి పంచి రాసినం," అన్నారు.

బస్సు వచ్చింది, పోయింది. మేము ఎక్కలేదు.

తర్వాత మూడు వారాలు ఆ ఏడు ఊళ్లూ తిరిగాం. రాయచూరు ఎండ సంగతి వేరే చెప్పాలా, పదింటికే రోడ్డు మీద చెప్పు అంటుకునేది. ఆయన అరుగు మీద మగవాళ్లను మాటల్లో పెట్టేవారు, నేను పెరట్లోకి పోయేదాన్ని. రెండో రోజు ఆయన ఫారంలో కొత్త ప్రశ్న ఒకటి చేర్చారు. ఒక పొయ్యి వెలగని దినం ఇంకో పొయ్యి నుంచి అన్నం వచ్చిందా? పదిహేడేళ్లలో ఆ ప్రశ్న ఎందుకు అడగలేదు అంటే, అడగాల్సిన పని లేదనుకున్న అన్నారు. ఒకే ఇల్లని రాసుకున్నాక లోపల ఎవరు ఎవరికి పెట్టారని ఎవరడుగుతారు? ఆ ప్రశ్నను ఆడవాళ్లను అడిగేటప్పుడు నేను వాళ్ల ముఖం చూసేదాన్ని కాదు. ఫారంలోకి చూస్తూ అడిగేదాన్ని.

యాభై ఎనిమిది ఇళ్లలో తొమ్మిదే నిజంగా ఒకే పొయ్యి ఇళ్లు. నలభై తొమ్మిదింటిలో రెండో మూడో ఉన్నాయి. ఆ నలభై తొమ్మిదిలో అన్నం వచ్చిందన్నవాళ్లు పదకొండు మంది. గీత వంగకపోవడానికి కారణం ఒకరికొకరు పెట్టుకోవడం కాదు. ఒకరు తిన్నదీ ఇంకొకరు పస్తున్నదీ కలిపి ఒకే నంబరు కింద రాశారు, అంతే. ఆయన నాకు వివరించబోతే నాకర్థమైందిలెండి అన్నాను. అంత తేలిగ్గా అర్థమయ్యే సంగతి అంత పెద్ద పుస్తకంలో ఎట్లా తప్పిపోయిందని మనసులో అనుకున్నాను, పైకి అనలేదు. ఆ మనిషిని అప్పుడు చూస్తే ఎవరికీ నోరు రాదు.

నాగన్న ఇల్లు యరమరస్‌లో. పోయేటప్పటికి గోడకు ఆనుకుని గంజి తాగుతున్నాడు. మా ఆయన ఏమీ అడగకముందే అతనికి తెలిసిపోయింది. గ్లాసు కింద పెట్టాడు.

"సార్, మొదటి ఏడు మీరే చెప్పిండ్రు. ఇల్లు చెదరొద్దు, ఒక్క నంబరు గూడ పోవద్దని. నేను అన్నను అడిగిన, తమ్ముణ్ణి అడిగిన, కలిపి రాసిన. ఏటేటా ఎన్ని ఇండ్లు నిలిచినయి నాగన్నా అని అడుగుతుంటిరి. అన్ని నిలిచినయి సార్ అంటే మీకు శానా సంతోషమైతుండె."

ఇల్లు చీలితే అన్నకు పాత నంబరుంచి తమ్ముడికి కొత్త నంబరు ఇవ్వాలని ఆయన కాగితం మీద రాసే ఇచ్చారట. కానీ నాగన్న కాగితం చూడలేదు, ఆయన ముఖం చూశాడు. మా ఆయన అతన్ని ఒక్క మాట అనలేదు. వేళకు మాత్ర వేసుకో అని చెప్పి లేచారు. దారిలో మాత్రం, వాడు నా సంతోషాన్ని ఏటా నింపిండు, ఫారాన్ని కాదు అన్నారు.

పుస్తకానికి ముందు ఆ సంగతి మీదే ఆయన రాసిన వ్యాసాన్ని అచ్చువేసిన పత్రికకు, దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని ఉత్తరం రాశారు. ప్రజ్ఞకు ఫోన్ చేసి నువ్వన్నదే నిజం అని చెప్పారు. ఆ పిల్ల గెలిచినట్టు మాట్లాడలేదు, ఏడ్చింది. తన పీహెచ్‌డీ కూడా ఆ ఫారాల మీదే కట్టింది కదా. తర్వాత మా ఆయన కరువు లిస్టులు చూసే ఆఫీసుకు పోయారు. మృగశిర దాటినా చినుకు లేదు, ఈ ఏడు కూడా అదే లిస్టు బయటికి తీస్తారని ఆయనకు భయం పట్టుకుంది. అక్కడి అధికారి మంచివాడేనట, కుర్చీ వేసి టీ ఇప్పించాడట. సార్, ఆ నియమం మీ పుస్తకం చూసే పెట్టారు, ఇప్పుడు మూడు జిల్లాల్లో నడుస్తోంది, తీసేయాలంటే ఇంకో అధ్యయనం కావాలి, దానికి ఐదారేళ్లు పడుతుంది, మీరేమో రిటైరవుతున్నారు అన్నాడట. ఉత్తరం ఇచ్చి పొమ్మన్నాడట. ఇచ్చి వచ్చారు. సిద్దమ్మ పేరు ఈ ఏడు కూడా ఆఖరునే ఉంటుంది.

జూన్ ఆఖరి శనివారం డిపార్ట్‌మెంటులో వీడ్కోలు సభ పెట్టారు. శాలువా కప్పారు, తలకు మైసూరు పేటా పెట్టారు. మాట్లాడిన వాళ్లందరూ ఆ గీత గురించే మాట్లాడారు. ఆయన లేచి, నేను చెప్పింది తప్పు, ఆ ఇళ్లలో తమ్ముళ్ల పిల్లలు పస్తుంటే నేను తిన్నారని రాశాను అని కన్నడంలో స్పష్టంగా చెప్పారు. తర్వాత అందరూ చప్పట్లు కొట్టారు. అధ్యక్షుడు మైకు అందుకుని, ఇంత సాధించి కూడా ఇంత వినయం, చూడండి పెద్దవాళ్ల పద్ధతి అన్నాడు. ఆయన మళ్లీ చెప్పబోయారు. మళ్లీ చప్పట్లు. చివర ఇత్తడి జ్ఞాపిక ఇచ్చారు. దాని మీద నలభై ఒకటో ఇంటి గీత చెక్కించారు. నాకు ఆ జ్ఞాపికను కిటికీలోంచి విసిరేయాలనిపించింది. ఆయన దాన్ని రెండు చేతులా అందుకున్నారు, ఏం చేస్తారు మరి.

మర్నాడు ఆదివారం. పొద్దున్నుంచీ వరండాలో కుర్చీ వేసుకుని ఊరికే కూచున్నారు. సోమవారం పోవడానికి చోటు లేదు, చూడటానికి ఫారాలు లేవు. నేను బియ్యం ఏరుతూ పక్కన కూచున్నాను. కాసేపటికి ఆయనే అన్నారు.

"తొమ్మిది ఇండ్లు నిజమని తేలింది గద. మనదొకటి కలిపితే పది. పదైనా నిజమే."

ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో కొంచెం ప్రాణం వచ్చింది. ఈ మూడు నెలల్లో మొదటిసారి. అది చూసి నేను నోరు మూసుకోవచ్చు. అత్తగారికి వేసిన ఒట్టు ఉంది. నాగన్న చేసిందీ అదే కదా అనిపించింది. ఆయన సంతోషం చూసి నేనూ ఒక ఫారం నింపుతున్నాను. ఇక నోరు మూసుకోవడం నాకు చేతకాలేదు. చెప్పడం కూడా చేతకాలేదు.

"ఒకసారి మీదికి పోయి రండి," అన్నాను.

ఎందుకని అడగలేదు. మెట్లెక్కిపోయారు. మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది, మేడ మీద పోపు వేసిన వాసన వస్తోంది. మాణిక్యమ్మ గొంతు వినబడింది. రా మరిదీ, కూసో, పప్పు దించుతున్న అంటోంది, ఆరేళ్లుగా ఆయన రోజూ వచ్చి తింటున్నట్టు. ఆమె కంగారు నాకు కిందికి తెలిసింది. ఆయన ఏమన్నారో వినబడలేదు. రెండు నిమిషాల్లో దిగొచ్చారు.

నన్ను తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన లోపలికి పోయి ఖాళీ ఫారం ఒకటి, పెన్ను తెచ్చుకుని నా ఎదురుగా కూచున్నారు. ఇంటి నంబరు దగ్గర ఏమీ రాయలేదు. ఎంతమంది మనుషులు, ఎన్ని పొయ్యిలు, ఎప్పటి నుంచి అని వరసగా అడిగారు. ఊళ్లలో నాగన్న అడిగే గొంతు అదే అయి ఉంటుంది. నేను చెబుతూ పోయాను, ఆయన రాస్తూ పోయారు. ఎందుకు దాచిండ్రు అనే ప్రశ్న ఫారంలో లేదు కనుక అడగలేదు.

కొత్తగా చేర్చిన ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి నా చేతిలో చేట ఆగిపోయింది. నలభై తొమ్మిది మంది ఆడవాళ్లను నేనే అడిగాను దాన్ని. వాళ్లను అడిగినప్పుడల్లా నాకు గుర్తొచ్చింది రెండేళ్ల కిందటి శ్రావణం. మా బావగారు కంటి ఆపరేషన్‌కు హుబ్బళ్లి పోయారు. మాణిక్యమ్మ ఒక్కతే మీద ఉంది, చికున్‌గున్యాతో కీళ్లు బిగుసుకుపోయి. ఆ వారమే మా ఇద్దరికీ పెద్ద మాట పట్టింపు వచ్చి ఉంది. మీద గిన్నె చప్పుడు లేదు, పోపు వాసన లేదు. నాకు తెలుసు. తెలిసే మెట్ల వైపు తలుపు వేసుకుని వంట చేసుకున్నాను. పిలిస్తే పోదాం అనుకున్నాను. ఆమె పిలవలేదు. నాలుగో రోజు పనిమనిషి పంపమ్మ చూసి తన ఇంటి నుంచి గంజి తెచ్చి పోసింది.

"ఒక పొయ్యి వెలగని దినం ఇంకో పొయ్యి నుంచి అన్నం పోయిందా?" ఆయన తలెత్తకుండా అడిగారు.

"పోలే," అన్నాను.

"ఎన్ని దినాలు?"

"మూడు."

రాశారు. పెన్ను కాగితం మీదే ఆగింది. తర్వాత ఫారంలో లేని ప్రశ్న ఒకటి అడిగారు, చాలా మెల్లగా.

"ఆ మూడు దినాలు నేను ఇంట్లనే ఉన్ననా?"

"ఉన్నరు. వదిన కనవడతలేదేంది అని గూడ అడిగిండ్రు. ఉపవాసమని చెప్పిన."

"తిన్ననా?"

చెప్పకుండా ఉండటానికి ఇక దారి లేదు.

"రెండు పూటలు తిన్నరు," అన్నాను.

ఆయన అది కూడా రాసుకున్నారు.